ఆముదం తల, మద్రాసు మిషన్

మా మరిది కోటేశ్వరరావుకు అన్న మీద ఎంత ప్రేమంటే, అన్నకు పిచ్చెక్కిందని ఊరంతా చెప్పడానికి ఒక్క పూట కూడా ఆగలేదు.

అది స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు. బండి మీద నుంచి పడి తల పగిలినప్పటి నుంచి మా ఆయన ఉన్నట్టుండి మాట ఆపేసి, కళ్లు తేలేసి, చెయ్యి గిలగిలా కొట్టుకునేవాడు. కాసేపటికి మళ్లీ మామూలే. మరిది మాత్రం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. పిచ్చివాడి చేతిలో పొలం పెత్తనం ఉండకూడదట, తనకిచ్చెయ్యాలట. ఇస్తే మా బొల్లాపల్లి చేను ఏడాది తిరక్కుండా అమ్మేస్తాడని నాకు తెలుసు. తల లోపలి సంగతి కాగితం మీద గీసే కొత్త మిషన్ మద్రాసులో ఉందని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. అది ఏం చెబితే అదే తీర్పన్నారు పెద్దలు. సాక్షిగా మరిది కూడా బయల్దేరాడు.

తల వేడెక్కితే మతి చెదురుతుందని, దానికి ఆముదమే మందని మా అమ్మ అనేది. పైగా పెద్దాసుపత్రికి ఎండిపోయిన తలతో పోతామా? రైలెక్కే ముందు మా ఆయన నెత్తిన చెంబెడు ఆముదం పోసి మర్దనా చేశాను.

అక్కడి డాక్టరు ఆ తలకు తీగలు అంటించి మీట నొక్కాడు. మిషన్ కలాలు ఎగిరెగిరిపడి కాగితమంతా గీకేశాయి.

“చూశారా! పిచ్చి కాక ఇంకేంది?” అన్నాడు మరిది. చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

డాక్టరు తన వేళ్లు వాసన చూసుకున్నాడు. “ఎవరమ్మా ఈ తలకు నూనె పట్టించింది? తీగలు జారిపోతున్నాయి. ఈ గీతలు మెదడువి కావు, నీ ఆముదానివి,” అని కసిరాడు.

మరిది ఆ మాట పట్టించుకోకుండా హుషారుగా కాఫీ తాగడానికి పోయాడు. నేను కుంకుడుకాయలు కొనుక్కొచ్చి, ఆసుపత్రి కుళాయి కింద మా ఆయన తల రుద్దాను. తోలు ఊడొస్తోందే అని ఆయన ఒకటే కేకలు. ఈసారి కలాలు బుద్ధిగా నడిచాయి. దెబ్బ తగిలిన చోట మాత్రం గీత ముళ్లలాగా పొడుచుకొచ్చింది.

“మెదడులో సన్నటి కరెంటు నడుస్తుంటుందమ్మా. ఇక్కడ అది అదుపు తప్పుతోంది. ఇది మూర్ఛ, పిచ్చి కాదు. మాత్రలు వాడితే సర్దుకుంటుంది,” అన్నాడు డాక్టరు.

“మనసులో అనుకున్నయ్యి కూడా గీస్తదా అయ్యా?”

ఆయన నవ్వాడు. “అంత లేదమ్మా. కరెంటు ఒక్కటే.”

కాఫీకి పోయిన మరిదీ, బయట తల తుడుచుకుంటున్న మా ఆయనా ఈ మాట వినలేదు.

“ఏమ్మా శాంతమ్మా, చెన్నకేశవులు సంగతి ఏం తేలింది?” అని ఊరు చేరగానే పెద్దలు అడిగారు. నేను నోరు తెరిచేలోపే మరిది మొదటి కాగితం సంగతి ఎత్తుకున్నాడు. రెండోది నేను డాక్టర్ని బతిమాలి గీయించుకున్నానట! ఒళ్లు మండిపోయింది.

“అట్టయితే మళ్లీ పోదాం అబ్బాయ్,” అన్నాను. “ఈసారి మీ అన్న పక్కన నువ్వు కూడా కూర్చో. పెద్దలు కూడా రండి. ఆ మిషన్ తలలో అనుకున్నదంతా గీస్తది, డాక్టరు చదివి వినిపిస్తాడు. మా చేను మీద ఎవరి మనసులో ఏముందో తేలిపోద్ది.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మరిది చెయ్యి నెత్తి మీదికి పోయింది. పెద్దల్లో ఒకరిద్దరు కూడా తలపాగాలు సర్దుకున్నారు.

“ఎందుకులే వదినా, దండగ ఖర్చు,” అన్నాడు మరిది. “అన్నకు ఉత్త మూర్ఛే. పెత్తనం ఆయనదే.”

ఇంటికి నడుస్తుంటే మా ఆయన నా పక్కకు జరిగాడు. “ఏమే, నా మనసులోది కూడా గీసిందా?”

“గీసింది,” అన్నాను నవ్వాపుకుంటూ.

ఆయన నవ్వలేదు. “నువ్వు కూడా నన్ను పిచ్చోడనుకుంటున్నావేమోనని చానా భయపడ్డానే. అదేగా గీసింది?”

మతి చెదిరిందేమోనని ఆ చెంబెడు ఆముదం పోసిన చేతులు నావే.

“పిచ్చి మాటలు! నేనెందుకనుకుంటానయ్యా?” అని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ మిషన్ కింద నన్ను కూర్చోబెట్టనందుకు కోటప్పకొండ దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.