ఎలుకల తరఫున మా బావ

ఎనభై ఆరులో, శ్రావణమాసం ముందు, చీరాల నుంచి రైల్లో వచ్చిన నా చీరల బేలును ఎలుకలు కొరికాయి. హిందీ మాట్లాడే ఊళ్లో, పండరీ బట్టల బజారులో ఉన్న నా చిన్న కొట్టుకు ఆ సీజనంతా ఆ బేలే ఆధారం. కొరుకుడు రైల్లో జరిగిందని క్లెయిముల ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే నష్టం రైల్వేది. లేకపోతే నాది.

నా కొట్టులో ఎలుకలు లేవని నేననను. కానీ పక్కనే అటుకుల దుకాణం ఉంది. అంత మంచి భోజనం వదిలేసి నూలు నమిలే ఎలుక బజారులో బతకదు. ఒకటే చిక్కు. బేలు మంగళవారం వచ్చింది. మేమేమో శుక్రవారం దీపం పెట్టి కొబ్బరికాయ కొడితే గానీ కొత్త బేలు విప్పం. మా నాన్ననాటి ఆచారం. ఆ మూడు రోజులూ బేలు నా కొట్టులోనే ఉంది. కాబట్టి ఇన్‌స్పెక్టరు ఎక్కువసేపు ఆలోచించకూడదు.

అందుకని ఊళ్లోనే ఉన్న గుఢియారీ పేట నుంచి మా బావ వెంకటరత్నాన్ని పిలిపించాను. ఏ ఆఫీసరు వచ్చినా ఆయన్ని ముందు నిలబెట్టడం అక్కడి తెలుగువాళ్ల అలవాటు. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆయన ఇంగ్లీషు విన్నవాళ్లు తొందరగా సంతకం చేసి పారిపోతారని పేరు.

ఇన్‌స్పెక్టరు ఓ చీర ఎత్తి చూసి, "చూహోఁ నే ఖాయా?" అన్నాడు, ఎలుకలు తిన్నాయా అని.

నేను తలూపేలోపే బావ గొంతు సవరించుకున్నాడు.

"తినడం కాదు సార్. ఇంగ్లీషులో దీనికి వేరే మాటుంది. జి-ఎన్-ఏ-డబ్ల్యూ, 'నా' అంటారు. రాతలో ముందు జి ఉంటుంది, నోట్లో ఉండదు."

పని చేయకుండా జీతం తీసుకునే అక్షరమన్నమాట. రైల్వే మనుషులిద్దరికీ అది వింతగా తోచలేదు.

"వెయ్యేళ్ల కిందట ఆ జి కూడా పలికేవారు సార్, గ్నాగన్ అని. జర్మన్లది నాగెన్. పళ్లు గీకే చప్పుడులోంచే ఆ మాట పుట్టిందని కొందరి ఊహ."

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చాలు బావా, సంతకం అడుగు," అని తెలుగులో గొణిగాను.

"ఉండరా జోగయ్యా, అసలు అర్థం చెప్పనీ. ఇది ఒక్క కాటుతో అయ్యేది కాదు సార్. కొంచెం కొంచెంగా, పట్టు వదలకుండా కొరకాలి. దిగులు మనసును తొలిచేస్తుందే, దానికీ ఇదే మాట."

"అంటే చాలాసేపు పడుతుంది?"

"రోజులు సార్! ఆ మాటకు ప్రాణమే అది."

ఇన్‌స్పెక్టరు చీర మడిచి బల్ల మీద పెట్టాడు. "సేఠ్‌జీ, బేలు దారిలో బండ్లు మారుతూ వచ్చింది. ఎలుకకు అంత తీరిక మీ కొట్టులోనే దొరికింది."

అలాగే రాసుకున్నాడు. లేచి వెళ్తూ, తన కూతురికి ఇంగ్లీషు చెప్పడానికి బావను ఆదివారం నుంచి రమ్మన్నాడు. బావ నా భుజం తట్టి, "మనిషి రసికుడురా!" అన్నాడు.

సాయంత్రం అక్క భ్రమరాంబ వచ్చింది. కొరికిన చోట్లు తీసేసి, చీరలను జాకెట్టు ముక్కలుగా కత్తిరించడానికి కూర్చున్నాం.

"మీ బావను పిలిచేముందు నాతో ఒక్క మాట అనాల్సిందిరా తమ్ముడూ," అంది.

"అంటే ఏం చేసేదానివి?"

"నోటినిండా కిళ్లీ పెట్టి పంపేదాన్ని."