మధ్యలో ఆగిన తోడి

మా ఆయన విజయభాస్కర్ చూపుడువేలు ఎత్తకుండా మాట్లాడలేరు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికైనా వేలు పైకి లేవాల్సిందే. రొయ్యల గుంటల దగ్గర పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ అలవాటైందంటారు. మా పెళ్ళిచూపుల నాటికి గుంటలు లేవు. వేలు ఉంది.

ఈ ఏడాది ఆయన మండల కళాకారుల సంఘానికి అధ్యక్షులయ్యారు. సంగీతంతో ఆయన పరిచయం కారులో వచ్చే పాటల వరకే. అధ్యక్షులైతే అంతకన్నా అక్కర్లేదట. పదవిలోకి వచ్చీ రాగానే 'మన మండలం – మన మేళం' అని సన్మానసభ తలపెట్టి, మైపాడు రోడ్డులో కల్యాణమండపం మాట్లాడి, బ్యానరు వేయించారు. బ్యానరులో ఆయన నిలువెత్తున నమస్కారం పెడుతున్నారు. సన్మానం పొందబోయే సన్నాయి బడేసాహెబ్, డోలు మాల్యాద్రి ఆయన మోచేతి కింద తపాలాబిళ్ళలంత ఉన్నారు.

సభకు ముందురోజు బడేసాహెబ్ మా ఇంటికి వచ్చారు. సభ కోసమేనేమో జుట్టుకు రంగు వేసుకున్నారు. కొంచెం చెవులకూ అంటింది. ఆయన సన్నాయి లేకుండా మా వైపు పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు రిజిస్టరు ఆఫీసుకు పారిపోయినవాళ్ళే.

"అయ్య లేడామ్మా?"

"బ్యానరు కట్టించేదానికి పోయినారు. కూర్చోండి."

"లేకపోతేనే మేలు. నీతోనే పని ఉషమ్మా."

కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"రేపు శాలువా కప్పుతారంట గదా. ఇంటినిండా శాలువాలేనమ్మా. మా ఇంటామె జైతూన్‌బీ వాటిని బియ్యం బస్తాల మీద కప్పతా ఉంది. నాకు శాలువా వద్దు. తోడి రాగం వాయించాల. మొదట్నించి చివరిదాకా."

"వాయించండి. ఎవరు వద్దన్నారు?"

"ఎవరు వాయించనిచ్చినారు? పెళ్ళిలో తోడి ఎత్తుకుంటానా, ఇంక అందుకుంటా ఉందనేలోపల అయ్యవారు వేలెత్తతాడు. గట్టిమేళం. తాళి పడగానే జనమంతా భోజనాల బంతికి లేస్తారు. ఖాళీ కుర్చీలకు వాయించి ఏం చేసేది? ఈ పనిలోకి వచ్చినకాడ్నించి నా తోడి తాళిబొట్టు కాడనే ఆగిపోతా ఉంది." ఛాతీ మీద తట్టుకున్నారు. "ఊపిరి తగ్గతా ఉందమ్మా. కూర్చున్న జనం ముందర ఒక్కసారి పూర్తిచేస్తే, సన్నాయి గుడ్డలో చుట్టి అటకమీద పెట్టేస్తా."

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను, రేపటి కార్యక్రమం ఏమిటని.

"ముందు నా ఉపన్యాసం. తర్వాత పెద్దోళ్ళు ఆరుమంది మాట్లాడతారు. ఆనక సన్మానం. టైముంటే మేళం." వేలు లేచింది. "భోజనాల టైముకు అంతా అయిపోవాల."

"సన్మానం వాయించేవాళ్ళకే గదా?"

"అందుకే గదా వాళ్ళ గురించి అంతమంది మాట్లాడేది."

నేను వాదించలేదు. మేళం వాళ్ళను మొదటినుంచీ వేదిక మీదే, వాయిద్యాలతో కూర్చోబెడితే ఫోటోలు నిండుగా వస్తాయని మాత్రం అన్నాను. ఫోటో అన్నాక మా ఆయన దేనికీ అడ్డు చెప్పరు. మాల్యాద్రి కుర్చీ మైకుకు ఎదురుగా పడేట్టు పొద్దున నేనే వెళ్ళి సర్దించాను.

మాల్యాద్రి సంగతి కొంచెం చెప్పాలి. తాళి కట్టే వేళ ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ వినపడకుండా గట్టిమేళం మోగించాలి. దానికి సైగ, ఎత్తి ఆడించిన చూపుడువేలు. పసితనం నుంచీ ఆ సైగ మీదే బతికిన మాల్యాద్రికి వేలు కనిపిస్తే చేతులు ఆగవు. ఒకసారి బస్సులో కండక్టరు "టికెట్టు ఒకటేనా?" అని వేలు చూపిస్తే, ముందు సీట్లో మనిషి వీపు మీద వాయించేశాడట. ఆ తగువు ఇందుకూరుపేట దాకా సాగిందంటారు.

సభ మొదలైంది. మండపం నిండింది. సన్మానం వేళ చల్లమని ద్వారం దగ్గర అందరికీ గుప్పెడు పూలరేకులు ఇచ్చారు. మా ఆయన మైకు ముందుకు వచ్చారు.

"సభకు నమస్కారం. మన సంగీత వారసత్వం గురించి ముఖ్యంగా చెప్పాల్సిన విషయాలు ఉన్నాయి. అందులో మొదటిది..."

వేలు లేచింది.

డోలు పిడుగులా మోగింది. కునుకు తీస్తున్న బడేసాహెబ్ కళ్ళు తెరవకుండానే సన్నాయి నోట పెట్టి అందుకున్నారు. మండపంలో ఆడవాళ్ళు చేతిలో ఉన్న పూలరేకులు అలవాటుగా వేదిక మీదికి విసిరారు. మా ఆయన తలమీద, భుజాలమీద పూలతో కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డారు. అసలు పెళ్ళినాటికన్నా బాగున్నారు.

మాల్యాద్రి డోలును రెండు చేతులా వాటేసుకున్నాడు. "తప్పయిపోయిందన్నా. చెయ్యి నా మాట వినదు."

"పర్వాలేదు. నేను చెప్పేది ఏమంటే, మొదటిది..."

మళ్ళీ మోగింది.

ఈసారి మా ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నారు. వేలు లోపలికి పోయేసరికి మాటా పోయింది. "మన... ఈ... సంగీతం అనేది... చాలా..." అంటూ ఇసుకమేట ఎక్కిన పడవలా ఆగిపోయారు. ఇక తట్టుకోలేక చెయ్యి బయటికి లాగారు. మూడో గట్టిమేళం.

సరిగ్గా అప్పుడే వెనక వంటశాల నుంచి మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన వచ్చింది. గట్టిమేళం అయింది, పులుసు ఉడికింది. మా ప్రాంతంలో ఇంక ఎవరూ ఎవర్నీ పిలవనక్కర్లేదు. వెనక వరసలు లేచాయి. వాటిని చూసి ముందు వరసలు లేచాయి. ఉపన్యాసం కాగితాలు జేబుల్లో పెట్టుకుని పెద్దలు ఆరుగురూ లేచారు. మా ఆయన వాళ్ళకు దారి చూపిస్తూ వెళ్ళారు.

నేను అనుకున్నది ఉపన్యాసాలు ఆగాలని. జనం కూడా పోతారనుకోలేదు.

బడేసాహెబ్ వెళ్ళిపోతున్న వీపుల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. "ఇదీ పెళ్ళే అయిపోయింది గదమ్మా," అని సన్నాయికి నోట పెట్టుకునే పీక తుడుచుకోసాగారు.

నేను పక్క తలుపు గుండా వంటశాలకు వెళ్ళాను. వంటామె కామాక్షమ్మ పులుసు గుండిగ మూత మీద చెయ్యి వేసి ఉంది.

"అక్కా, మూత తీయొద్దు. గరిటెలన్నీ ఇట్టియ్యి."

"జనం ఆకుల ముందర కూర్చోనుండారమ్మా. గరిటెలు నువ్వేం చేసుకుంటావు?"

"సంగీతం వింటా."

కామాక్షమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఎందుకొచ్చిందిలే అన్నట్టు ఇచ్చేసింది. కొత్త పట్టుచీర కొంగులో గరిటెలు వేసుకుని మండపంలోకి వచ్చి, ముందు వరసలో కూర్చున్నాను. "వాయించండి," అన్నాను. బడేసాహెబ్ గరిటెలను చూశారు. సన్నాయి ఎత్తుకున్నారు.

బంతిలో మాటలు గోడ అవతలి నుంచి వినపడుతూనే ఉన్నాయి.

"పులుసేదబ్బా?"

"గరిటెలు లేవంట."

"ఏమైనాయి?"

"ఉషారాణమ్మ కాడ ఉండాయంట. లోపల కూర్చోని సన్నాయి వింటా ఉందంట."

ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. అందరికన్నా వేగంగా మా ఆయన వచ్చారు. "ఏంది ఉషా ఇది? పెద్దోళ్ళు ఆకుల ముందర..." వేలు ఎత్తబోయి, మాల్యాద్రి వైపు చూసి, మడుచుకున్నారు.

"టైముంటే మేళమన్నారు గదా. టైముంది, కూర్చోండి." పట్టుకోమని ఆయన చేతికో గరిటె ఇచ్చాను. చెయ్యి ఖాళీగా ఉండటం ప్రమాదం.

మొదట్లో జనం నా ఒడిలోకే చూశారు. బడేసాహెబ్ తొందరపడలేదు. తోడిని కింద నుంచి మెల్లగా లేపారు. ఒకచోట ఊపిరి చాలక స్వరం చీలింది. ఆగి, ఊపిరి తీసుకుని, అక్కడికే మళ్ళీ వెళ్ళి సరిగా పట్టుకుని ముందుకు నడిచారు. మాల్యాద్రి డోలు మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. అతను అంతసేపు ఊరుకోవడం మా ఊరు మొదటిసారి చూసింది. కామాక్షమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి స్తంభానికి ఆనుకుంది. పులుసు సంగతి ఆమె కూడా ఎత్తలేదు.

రాగం అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సన్నాయి ఆగాక ఏం చేయాలో మా వాళ్ళకు తెలియదు, అంతవరకు ఎప్పుడూ ఉండలేదు గనుక.

మా ఆయన గరిటె ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు. "బాగుంది. దీన్ని యాడనో విన్నట్టుండాదే."

"మీ పెళ్ళిలో మొదలుపెట్టింది ఇదేనయ్యా," అన్నారు బడేసాహెబ్. "ఇప్పటికయింది."

నేను లేచి గరిటెలు కామాక్షమ్మకు ఇచ్చి, వేదిక దగ్గరికి వెళ్ళాను. "మరి సన్నాయి అటకమీద పెట్టేస్తారా?"

ఆయన సన్నాయి పీక విప్పబోయి ఆగారు.

"తొందరేముందమ్మా. కల్యాణి రాగం గూడా మధ్యలోనే ఉండాది. మళ్ళీ సన్మానం ఎప్పుడో అయ్యను కనుక్కో." గరిటెల వైపు ఓసారి చూశారు. "శాలువా మర్చిపోయినా పర్వాలేదు. అవి మాత్రం మర్చిపోవద్దు."