కంచె చుట్ట

ఈలబావ చేసిన పని నేను కట్టెల్లో కాలేదాకా మరిచిపోను. ఈల అతని పేరు కాదు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానంలో దినకూలీ మీద కాపలాకు చేరిన నాటి నుంచి మెడలో ఈల వేలాడుతూనే ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. మా అక్క మొగుడు. అతనివల్ల ఎవరికీ మేలు జరగలేదనను. జరిగింది, అతనికి.

ఇప్పుడు స్టేడియం అంటున్నారు గానీ మొదట్లో అది రాళ్లబీడు. చదువుకునే కుర్రాళ్లే రాళ్లేరి, ఇటు రెండు అటు రెండు వాసాలు పాతి గోల్ అన్నారు. తూర్పు అంచున మా నాన్న పంచర్ల కొట్టు, సైకిల్ స్టాండు. మైదానానికీ మాకూ మధ్య ముళ్లతీగ కంచె. ఆరో తరగతిలో బడి మానేసి నేను కూర్చున్నది ఆ కంచె పక్కనే.

మ్యాచ్ ఉందంటే జనం పట్టేవారు కారు. నాన్న పొద్దున్నే కంచె విప్పి, చుట్టగా చుట్టి పక్కన పెట్టేవాడు. జనం మా స్థలంలో నిలబడి ఆట చూసేవారు. అయిపోయాక మళ్లీ కట్టేవాడు. చెయ్యమని ఎవరూ అడగలేదు. చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

"వాళ్లొచ్చింది ఆట చూడ్డానికిరా, కంచె చూడ్డానికి కాదు" అనేవాడు.

తర్వాత పడమటి వైపు చెక్కబల్లలు వచ్చాయి. బల్లలు పోయి సిమెంటు మెట్లు వచ్చాయి. కప్పు గెలిచినప్పుడల్లా ఒక వరస మెట్లు లేచేవి. ఓడినప్పుడు ఉన్నవాటికి రంగు వేసేవారు. పెద్దమనుషుల నెత్తిన ఎండ పడకుండా రేకులు కప్పారు. ఆపైన దీపాల స్తంభాలు. మూడు వైపులా అయిపోయి, మా వైపు మిగిలింది.

"మామయ్యా, వారం వారం ఈ విప్పడం, కట్టడం ఏంటి? చేతులు చీరుకుపోతున్నాయి. వదిలెయ్" అన్నాడు ఒకరోజు ఈలబావ.

"కంచె లేకపోతే ఎవరిదేదో ఎలా తెలుస్తుందయ్యా?"

"నాకు తెలుసుగా! నేనున్నా కదా అక్కడ!"

అల్లుడి మాట. నాన్న నవ్వి, ఆ వారం నుంచి కంచె కట్టడం మానేశాడు. కంచె చుట్ట కొట్టు వెనక తుప్పు పట్టింది. కొన్నేళ్లకు నాన్న పోయాడు.

ఆ తర్వాతే తూర్పు గ్యాలరీ అన్నారు. సున్నంతో గీసిన గీత మా కొట్టు దాటి వెనక రోడ్డు దాకా వెళ్లింది. దస్తావేజు పట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకు పరిగెత్తాను. అందులో పడమటి హద్దు "మైదానం కంచె" అని ఉంది. ఆఫీసరు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు.

"ఆ కంచె ఏదండీ?"

మర్నాడు తుప్పుచుట్ట భుజాన వేసుకుని వెళ్లాను.

"బల్ల మీద రాలుతుంది, కింద పెట్టండి. ఇది ఎక్కడిదైనా కావచ్చు కదా" అన్నాడు.

గోడ మీద పాత ఫోటో ఉంది. గుంపు ముందు మా నాన్న, చేతిలో కంచె చుట్ట, నవ్వుతూ. కింద "మైదాన సిబ్బంది" అని రాసి ఉంది. ఆయన ఒక్కరోజు కూడా వాళ్ల దగ్గర పని చెయ్యలేదు.

ఈలబావను పిలిచి అడిగారు. నా వైపు చూడలేదు.

"నేను చేరినప్పటి నుంచీ అక్కడ కంచె చూళ్లేదండీ. మా మామయ్య మైదానం మనిషేనండీ. ఫోటో ఉందిగా."

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను.

"ఏం బావా, కంచె చూళ్లేదా?"

"పర్మినెంటు చేస్తామన్నార్రా. ఇన్నేళ్లూ కూలి బతుకే. మీ అక్కని చూసుకోవాలా, వద్దా?"

"అక్కని చూసుకోమని ఇచ్చాం. స్థలాన్ని కాదు."

"తిట్టు. ఇంకా తిట్టు. పడతాను."

"అన్నం చల్లారిపోతోంది, కూర్చోండి ఇద్దరూ" అంది అక్క, ఎవరి మొహమూ చూడకుండా.

తిట్టాలనే వెళ్లాను. ఆకలేసింది, తిన్నాను. అతను పెరుగు గిన్నె నా వైపు జరిపాడు. వేసుకున్నాను.

గ్యాలరీ లేచింది. నాకు జీవితాంతం ఉచితంగా చూసే పాసు ఇచ్చారు. వెళ్తుంటాను. నాలుగో వరసలో కూర్చుంటాను. సరిగ్గా దాని కిందే మా నీళ్ల తొట్టి ఉండేది, ట్యూబు ముంచి బుడగలు చూసే తొట్టి. గోల్ పడితే అందరూ లేస్తారు. లేవకపోతే ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి కాబట్టి నేనూ లేస్తాను. ఎవరు గెలిచారో ఇంటికొచ్చేసరికి గుర్తుండదు.

కింద ఈలబావ మెట్ల మీద కూర్చున్నవాళ్లను ఈలేసి లేపుతుంటాడు. జుట్టు నెరిసింది. ఒకసారి నన్ను చూసి ఆగాడు.

"ఏరా, బాగా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

పోయింది రెండు వందల పన్నెండు గజాలు. పంచర్ల కొట్టు అందులోదే.