పదకొండు దాటితే

మందు కిటికీ ముందు ఆయమ్మ నేల తుడవడం అయిపోయింది, లోపల నర్సమ్మ టీ తాగడం మాత్రం అవలేదు. మత్తు మానుకోవడానికి వచ్చినవాళ్లు ఇరవై మంది వరుసలో నిలబడ్డారు. తొమ్మిదికి తెరవాల్సిన కిటికీ తొమ్మిదింబావుకి తెరుచుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు. అడిగే నాథుడు లేడు.

మాత్ర నర్సమ్మ కళ్లెదుటే మింగి, నోరు తెరిచి చూపించాలి. ఇంటికివ్వరు. పసిపిల్లల తల్లికైనా, రెండు బస్సులు మారి వచ్చే ముసలాయనకైనా అదే పద్ధతి. కౌన్సిలింగు మాత్రం కావలసినంత! ఏం సాయం కావాలని అడిగితే, రోజూ మాత్రకి వచ్చే వెల్డరు ఒకసారి, "ఏడింటికి కిటికీ తెరవండి, చాలు" అన్నాడు. మనోబలం తక్కువని రాసుకున్నారు.

అతని పని ఎనిమిదికి మొదలవుతుంది. మేస్త్రీ దయతలిస్తే టీ వేళలో పరుగెత్తుకొస్తాడు. దయతలచక రెండు రోజులు రాలేదు. మూడో రోజూ తప్పితే పేరు కొట్టేస్తారు.

ఇవాళ నర్సమ్మ గోడ గడియారం చూసి కిటికీ మూస్తుండగా రొప్పుతూ వచ్చాడు.

"సిస్టర్, ఒక్క మాత్ర!"

"పదకొండు దాటింది. మీకోసం రోజంతా కూర్చోవాలా?"

ఆయమ్మ చేతిలో తడిగుడ్డతోనే గడియారం వైపు చూసింది. పోయిన వారం స్టూలెక్కి ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పింది తనే. నర్సమ్మ ఇకనైనా వేళకి తెరుస్తుందని. మహాతల్లి తెరిచేటప్పుడు దానివైపు చూస్తేగా!

"నర్సమ్మా, ఇంకా పదకొండు కాలేదు. ఆ గడియారం నేనే తిప్పాను."

"ఎవరడిగి తిప్పావ్? నీ సంగతి రేపు పెద్ద డాక్టరుగారికి చెప్తా."

గడియ పడింది. ఆయమ్మ వెనక్కి తిరిగేసరికి వెల్డరు లేడు. తడిగుడ్డ పడేసి రోడ్డు దాకా పరుగెత్తింది. ఎక్కడా కనబడలేదు.

మూడింటికి వెల్డరు చెల్లెలు వచ్చింది. పెద్దాసుపత్రిలో ఇక్కడి మందుల చీటీ అడుగుతున్నారంది.

"మళ్లీ ఆ మత్తు సూదే వేసుకున్నాడండీ. పన్నెండు కల్లా పోయాడు."

చీటీ రాసిస్తూ నర్సమ్మ, "అయ్యో పాపం! ఎంత చెప్పినా వినరు కదా" అంది.

"ఎవరు వినంది?" ఆయమ్మ అరుపుకి వరండా అంతా తిరిగి చూసింది. "అతను చెప్పింది ఒక్కటంటే ఒక్క మాట. ఎవరు విన్నారు? చేతులారా చంపుకున్నాం, మీరూ నేనూ. వెళ్లి చెప్పుకోండి మీ పెద్ద డాక్టరుకి!"

చెల్లెలు చీటీ మడిచి జాకెట్లో దోపుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఊడుస్తుంటే కిటికీ పక్క బెంచీ కింద అతని తోలు చేతొడుగులు దొరికాయి. చెమటకి బిరుసెక్కి, వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.