కట్ట కింద గంగపూజ

పదకొండేళ్లకు చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా పొర్లి పారినాయి. నిండిన చెరువుకు గంగపూజ చేసి, చీరా గాజులూ నీళ్లలో వదలడం ఆ ఊరి ఆనవాయితీ. పూజ ఎప్పుడూ కట్టమీదే. ఈసారి మాత్రం కట్ట కింద, తూము పక్కన చేయాలని అంగడి వీరభద్రయ్యశెట్టి పట్టుబట్టినాడు.

రెండేళ్ల కిందట కట్ట ఎత్తు పెంచింది ఆయన పార్టీ సర్కారే. ముప్పై ఏళ్లుగా జెండా మోసిన మనిషి. కట్ట కారుతాందని అవతలి పార్టీవాళ్లు ఫోన్లలో వీడియోలు తిప్పుతాంటే ఊరుకుంటాడా? ఊరి ఆడోళ్లందరినీ కట్ట కిందే నిలబెట్టి ఫొటో తీయిస్తే సరి, వాళ్ల నోళ్లు పడిపోతాయి.

పూజనాడు పొద్దున్నే నీరుగంటి తిమ్మన్న కట్ట కింది ఊటనీళ్లు పట్టిన గాజుసీసాతో శెట్టి ఇంటికి వచ్చినాడు. తూము తెరిచేదీ మూసేదీ తాతల కాలం నుంచీ వాళ్ల ఇంటివాళ్లే.

"శెట్టీ, కట్టన్నాక ఊట ఉంటాది. తేటగా వచ్చినన్నాళ్లు బయం లేదు. నిన్నటి నుంచి ఎర్రగా వస్తాండాది. లోపల మన్ను కరిగిపోతాందప్పా. ఆడికి ఎవురినీ పోనీవద్దు."

వీరభద్రయ్య సీసా ఎత్తి చూసినాడు. అడుగున వేలెడు ఎర్రమన్ను. గుండె ఝల్లుమనింది. అంతలోనే తిమ్మన్న కొడుకు ఎవరి జీపులో తిరుగుతాడో గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది.

"ఈ మన్ను నీ కొడుకు కలిపిచ్చినాడా, నువ్వే కలిపినావా?"

"మన్నుకు పార్టీ యాడుంటాది శెట్టీ?"

"ఇంజనీరూ రేపొచ్చి చూస్తానన్నాడంట గదా, అంతవరకూ ఆగగూడదా?" అనింది వాకిట్లో ఉన్న భార్య కన్యకమ్మ.

"వాడూ పోయినసారి అవతలి పార్టీ సర్కారు తెచ్చి పెట్టినోడే" అని సీసా వీధిలో కుమ్మరించినాడు.

మధ్యాన్నం తప్పెట్లతో నలభైమంది ఆడోళ్లు కట్ట కిందికి దిగినారు. ముందర పసుపు కుంకుమల పళ్లెంతో కన్యకమ్మ. తూము పక్క నుంచి ముంజేతి లావున నీళ్లు ఎగదన్నుతాండాయి. తప్పెట్లు వాటంతటవే ఆగిపోయినాయి.

కన్యకమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇదో, ఈ నీళ్లు తేటగా ఉండాయా, ఎర్రగా ఉండాయా? ఒక్కమాట చెప్పు. తేటగా ఉండాయంటే పోయి నిలబడతా."

అందరూ ఆయన నోటివైపే చూస్తాండారు. ఫొటో తీసేవాడు కూడా.

"తేటగానే ఉండాయి" అన్నాడు వీరభద్రయ్య.

కన్యకమ్మ ఆయన కాళ్లవైపు చూసింది. ఆయనా వంగి చూసుకున్నాడు. తనకు తెలీకుండానే రెండడుగులు వెనక్కి వేసినాడు.

ఆమె పళ్లెం ఆ బురదలోనే దించింది. "పాండమ్మా, గుట్టమీదికి పాండి. ఇండ్లల్లో పిల్లోళ్లుంటే ఎత్తుకోండి." ఆడోళ్లు కొంగులు బిగించి కదిలినారు. తప్పెట్లవాళ్లూ వెంటపడినారు.

"ఓహో, నువ్వూ వాళ్లల్లో చేరినావా?" అని అరిచినాడు వీరభద్రయ్య. కన్యకమ్మ తిరిగి చూడలేదు.

ఆయన వెనక్కి వేసిన రెండడుగులూ మళ్లీ ముందుకు వేసి, తూముకు వీపు ఆనించి నిలబడినాడు. గుట్ట ఎక్కుతాండేవాళ్లలో ఎవరెవరు ఉండారో, ఒక్కొక్క పేరే మనసులో రాసుకుంటాండాడు. తలకు పైనున్న కట్టలో నుంచి మన్నుగడ్డ ఒకటి దబ్బున జారి పక్కన పడింది.

"తీయప్పా ఫొటో" అన్నాడు. తీసేవాడు కూడా అప్పటికే గుట్ట దోవ పట్టినాడు.