పాట కాదు

ఉదయం పదకొండు గంటలకు లిఫ్టు ఆపరేటర్ ఉద్యోగం పోయింది. తనను విచారించే ఇద్దరు అధికారులను అయిదో అంతస్తుకు తీసుకెళ్లింది ఆయనే.

ఆ పొద్దున కూడా ఆయన లిఫ్టులో స్టూలు మీద గుడ్డ పరిచాడు. తలుపు పట్టాల్లో దుమ్ము తీశాడు. బటన్ల మీద నిన్నటి వేలిముద్రలు తుడిచాడు. భార్య పోయాక ఆఫీసువాళ్లిచ్చిన గదిలో ఒక్కడే ఉంటున్నాడు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. లిఫ్టు ఎక్కేవాళ్లు ఆయనతో అంతస్తు నంబరు చెబుతారు, అంతే. మాట్లాడేది మెట్లు ఊడ్చే ఆవిడ ఒక్కతే.

"లిఫ్టులో పెట్టిన కొత్త కెమెరాలో నీ పెదాలు కదలడం చూశారట అన్నయ్యా," అందామె చీపురు గోడకు ఆనించి. "ఏదో ఒక దేవుడి పేరు చెప్పి బయటపడు. నోటి మాటేగా, పన్ను కట్టాలా?"

"చూద్దాంలేమ్మా."

"పైకి పోయేటప్పుడే మొక్కుతావట. దిగడానికి దేవుడు అక్కర్లేదా?"

ఆయన నవ్వాడు.

లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడే ఆయన పెదాలు కదిలేవి. ఎవరైనా ఎక్కితే ఆగేవి. ఆ ఏడాది కొత్త నిబంధన వచ్చింది: ఉద్యోగులు ఏ దేవుణ్ణి నమ్ముతారో అడిగితే చెప్పాలి. చెప్పనివాళ్లకు ఉద్యోగం లేదు.

అయిదో అంతస్తు గదిలో ఆయనకు కుర్చీ వేయలేదు.

"ఎవర్ని తలుచుకుంటున్నావు?" అన్నాడు పెద్ద అధికారి.

"అది నా లోపలిది సార్."

"తప్పన్నామా? ఎవరో చెప్పు, చాలు."

"మా ఆవిడ కూడా అడగలేదు సార్. ముప్పై ఏళ్లు ఒకే గదిలో ఉన్నాం."

చిన్న అధికారి మెడ రుద్దుకున్నాడు. "పాట పాడుకుంటున్నాడని రాసేద్దాం సార్. ఏమయ్యా, పాటేగా? ఊఁ అను."

ఆపరేటర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలి పట్టీ చెమటకు నల్లబడి ఉంది.

"పాట కాదు సార్."

పెద్ద అధికారి కలానికి మూత పెట్టాడు. "సాయంత్రానికి గది తాళం ఇచ్చెయ్."

వాళ్లను కిందికి దింపిందీ ఆయనే. తలుపు తెరిచి పట్టుకున్నాడు. వాళ్లు వెళ్లాక గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జరిగింది విని ఊడ్చే ఆవిడ, "ఊఁ అంటే నీ సొమ్మేం పోయేదన్నయ్యా?" అంది.

"అదే పోయేదమ్మా."

సాయంత్రం తాళం గుమాస్తాకిచ్చి, ఒక సంచితో గేటు దాటాడు. ఎటు వెళ్లాడో ఆమె చూడలేదు.

మర్నాడు ఎక్కినవాళ్లే బటన్లు నొక్కుకున్నారు. స్టూలు రోజంతా పైకీ కిందికీ తిరిగింది.