ఇంటర్వెల్ తరవాత

మైదా ఉడుకు పట్టాక గరిటె ఆపకూడదు. ఆపితే ఉండ కడుతుంది. ఉండకట్టిన జిగురుతో అంటించిన పోస్టరు మధ్యాహ్నానికల్లా గోడ మీంచి వంగి దారినపోయేవాళ్లకు దండం పెడుతుంది. వెంకన్న ఎడంచేత్తో పొగకు నీళ్లు కారుతున్న కళ్లు తుడుచుకుంటూ, కుడిచేత్తో కలుపుతూనే ఉన్నాడు. దించేముందు చిటికెడు మైలుతుత్తం వేశాడు. ఆ విషం లేకపోతే ఆవులు పోస్టర్ని హీరోతో సహా నమిలేస్తాయి.

బక్కపలచటి మనిషి. నిచ్చెన ఎక్కీ దిగీ పిక్కలు మాత్రం రాళ్లలా తేలాయి. గోళ్ల సందుల్లో ఎండిన మైదా ఏ సబ్బుకూ లొంగదు, పెళ్లి భోజనాలకు కూడా ఆయన వెంటే వస్తుంది. రామచంద్రపురంలో ఆయన చెయ్యి తగలని గోడ లేదు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఊళ్లో సగంమందికి తెలియదు. పోస్టరు చూసేవాడు హీరోని చూస్తాడు గాని, అంటించినవాణ్ణి చూస్తాడా ఏమిటి!

"రాత్రంతా గుండెల్లో మంటన్నావు కదయ్యా. ఇవాల్టికి మానెయ్యరాదూ," అంది భార్య చిట్టెమ్మ.

"అరక్క వచ్చిందే అది. సోడా తాగితే పోద్ది. ఇవాళ మానితే ఎలాగ, ఇవాళే ఆఖరు."

ఆఖరు అన్నది 'రెండెకరాల నీళ్లు' అనే సినిమాకి. శుక్రవారం వచ్చింది, గురువారం పోతోంది. హాలు మేనేజరు విశ్వనాథ్ 'నేడే చివరి రోజు' అని అచ్చువేసిన పసుపు చీటీలు నిన్ననే ఇచ్చాడు. వాటిని పోస్టర్లకు అడ్డంగా అంటించాలి. ఇన్నేళ్లుగా ఎన్ని సినిమాలకు అంటించాడో! ఈ ఒక్కదానికి మాత్రం చెయ్యి ఆడలేదు. మొదటి పోస్టరు ముందు బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ పోస్టరు మీద హీరో లేడు, హీరోయిన్ లేదు. గోదావరి మధ్యలో పడవ మీద నిలబడ్డ ఒక ముసలమ్మ వీపు, అంతే.

ఆ సినిమా ఊరిని రెండు ముక్కలు చేసింది. మొదటిరోజే సగం హాలు ఇంటర్వెల్లో లేచిపోయింది. కొందరు విశ్వనాథ్ చొక్కా పట్టుకుని డబ్బులు తిరిగిమ్మన్నారు. మిగిలినవాళ్లు ఆట అయ్యాక కూడా లేవలేక, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. గోదావరి మధ్య లంకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ కథ అది. మొదటి సగమంతా ఆవిడ పని చేసుకుంటుంది. మాటల్లేవు, పాటల్లేవు. సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర ఏరు కోతకొచ్చి ఆవిడ రెండెకరాలనూ మింగేస్తుంది.

ఆ ఇంటర్వెల్లో లేచిపోయినవాళ్లలో నరసింహమూర్తి మేస్టారు ఒకరు. అదీ వెంకన్న బాధ.

మేస్టారు రిటైరైన సోషలు టీచరు. ఆయనకూ వెంకన్నకూ కులం, చదువు, జీతం ఏదీ కలవదు, సినిమా పిచ్చి ఒక్కటే కలిసింది. హాలు ఎదురుగా తాతాజీ టీ కొట్టు బల్ల మీద ఇద్దరూ దెబ్బలాడుకోని సినిమా లేదు. ఆటో నడిపే ఏసురాజు వాళ్లకు జడ్జీ. ఆ బల్లకు ఒక రూలుంది. సగం చూసినవాడు సగం గురించే మాట్లాడాలి. ఇంటర్వెల్లో లేచొచ్చినవాడు రెండో సగం మీద నోరెత్తకూడదు. ఆ రూలు పెట్టింది మేస్టారే. ఇప్పుడు దాన్ని తుంగలో తొక్కిందీ ఆయనే.

చీటీలు అంటించడం ముగించి వెంకన్న కొట్టుకు వచ్చేసరికి మేస్టారు అప్పటికే బల్ల మీద అటు తిరిగి కూర్చున్నారు. సోమవారం దెబ్బలాట తరవాత ఇద్దరికీ మాటల్లేవు. సోడా గుక్కెడు తాగి వెంకన్నే కదిపాడు.

"మేస్టారండీ, మ్యాట్నీతో సరండి. మళ్లీ రాదండి ఇది."

"పీడా పోయింది," అన్నారు మేస్టారు. "ముసలమ్మ వాకిలి ఊడవడం, గేదెకి నీళ్లు పెట్టడం. సినిమానా అది? తరవాత నీళ్లలో కర్రలు పాతుతుందటగా, మతి లేకపోతే సరి!"

"రెండో సగమండి అది. మీరు మాట్లాడకూడదండి," అన్నాడు వెంకన్న.

"సోమవారమూ ఇదే పాట! నాకే రూలు చెప్తావా?"

"ఆయ్, మీరు పెట్టిందే కదండీ," అని ఏసురాజు నవ్వేశాడు. "నాకూ సగం అర్థం కాలేదండి మేస్టారూ. కానీ ఆ ముసలమ్మ చీపురు పట్టుకుంటే మా అమ్మే గుర్తొచ్చిందండి."

వెంకన్న సోడాకాయ కింద పెట్టాడు. "సినిమాల్లో ఎవడైనా పని మొదలెడితే పాట వచ్చేద్దండి. పాట అయ్యేసరికి పనీ అయిపోద్ది, మేడా లేచిపోద్ది. ఇందులో అలా కాదండి. ఆవిడ వాకిలంతా ఊడ్చిందండి. ఈ మూల నుంచి ఆ మూలకి. ఆ డైరెక్టరెవరో కదలకుండా కూర్చుని చూశాడండి. పనిని అలా మొత్తం చూసినోణ్ణి నేనెక్కడా ఎరగనండి."

"పనే చూడాలంటే మా ఇంటికి రా. మా ఆవిడ ఊడుస్తుంటే చూద్దువుగాని, టికెట్ కూడా అక్కర్లేదు."

తాతాజీ పకపకా నవ్వాడు. వెంకన్న నవ్వలేదు. లేచి మేస్టారికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మేస్టారూ, బాగోలేదంటే అనండి, తిట్టండి, నేను పడతాను. కానీ చూసి తిట్టండి. ఈ సినిమా గురించి మాట్లాడుకోడానికి నాకీ ఊళ్లో ఇంకెవరున్నారండి? ఇది మనిద్దరి మధ్యా ఇలా సగంలో ఉండిపోతే నావల్ల కాదండి."

మేస్టారు గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. మొండిమనిషే గాని చెడ్డమనిషి కాదు. "సరే, పద," అన్నారు చివరికి. "ఏడిపిస్తావు కదా నన్ను!"

మ్యాట్నీకి హాల్లో అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. మొదటి సగంలో మేస్టారు మూడుసార్లు ఆవలించారు, వెంకన్నకు వినపడేలాగే ఆవలించారు. ఇంటర్వెల్లో మాత్రం లేవలేదు. అది చూసి వెంకన్న మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగింది.

తరవాత తెరమీద ముసలమ్మ పడవ వేసుకుని ఏట్లోకి వెళ్లింది. ఒకప్పుడు తన పొలం ఉన్న చోట నాలుగుపక్కలా వెదురు గెడలు పాతడం మొదలుపెట్టింది. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. వెంకన్న మేస్టారి మోచేతి మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు చూడండి," అన్నాడు మెల్లగా.

పక్కచేను ముసలాయన ఇంకో పడవ వేసుకుని కేకలేస్తూ వచ్చాడు. నీ గెడ మా నీళ్లలోకి జరిగిందని పోట్లాట! మేస్టారు పైకే నవ్వేశారు. ఆ పోట్లాట సాగింది. గట్టు తగాదాలు, తాతలనాటి తగాదాలు, అన్నీ బయటికొచ్చాయి. పోట్లాడి పోట్లాడి ఇద్దరూ అలిసిపోయారు. ముసలాయన ఆ గెడ పీకి, రెండు మూరలు ఇవతలికి జరిపి, ఆవిడతో కలిసి పాతాడు. మేస్టారి నవ్వు ఎక్కడ ఆగిందో ఆయనకే తెలియలేదు. కండువా కళ్లకు అడ్డం పెట్టుకున్నారు.

లైట్లు వెలిగాయి. మేస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు. కళ్లు తడిగా ఉన్నాయి, పక్కకు తిరిగితే కనపడిపోతాయి.

"మొదటి సగం సాగతీతే. అది మాత్రం ఒప్పుకోను," అన్నారు. "కానీ వెంకన్నా, రెండో సగం... గొప్పగా తీశాడయ్యా. నేలున్నన్నాళ్లూ కొట్టుకున్నవాళ్లు, అది పోయాక కలిసి గట్టేసుకున్నారు చూడు, అక్కడ నన్ను పడగొట్టేశాడు. నీదే రైటు. పొద్దున్నే తాతాజీ దగ్గరికి రా, బోలెడు మాట్లాడాలి."

కండువా మడిచి భుజాన వేసుకున్నారు.

"ఏంటయ్యా, గెలిచినవాడివి, మాట్లాడవేం?" అని తిరిగి చూశారు. వెంకన్న తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! నన్ను కూచోబెట్టి నువ్వు నిద్రపోయావా!" అని భుజం తట్టారు. ఆయన మోచేతి మీదున్న వెంకన్న చెయ్యి కిందికి జారిపోయింది.

ఏసురాజు ఆటోని హాలు మెట్లదాకా ఎక్కించేశాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసి, తీసేసి, ఎవరికి చెప్పాలన్నట్టు ఇద్దరి వంకా చూసింది. మేస్టారు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఏసురాజూ, నీదే రైటని వాడితో అన్నానయ్యా నేను. విన్నాడంటావా?"

"వినే ఉంటాడండి."

"ఎక్కడిదాకా విన్నాడంటావు?"

ఏసురాజు దగ్గర దానికి తీర్పు లేదు. చిట్టెమ్మకు కబురు చెప్పాలంటూ, కళ్లు తుడుచుకుంటూ ఆటో తీశాడు.

సాయంత్రం మాణిక్యాంబ చీపురు పట్టుకుని హాలు ఊడవడానికి వచ్చింది. వరసవరసా ఊడ్చుకుంటూ వచ్చి ఒక కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీ కింద ఒక జత చెప్పులు ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు పక్కపక్కనే పొందిగ్గా ఉన్నాయి. బొటనవేలి పట్టీల మీద మైదా ఎండి తెల్లగా ఉంది.